ఆరో వేలు

ఆగస్టు 22, 2025
జార్జియా, నల్ల సముద్రం ఒడ్డు

మావయ్యా,

చేరి మూడు రోజులైంది. మొదటి రోజంతా వాన, రెండో రోజంతా నిద్ర, ఈ రోజు పక్షులు. అందుకే ఇప్పటికి తీరింది రాయడానికి. అత్తయ్య కట్టిచ్చిన కందిపొడి పొట్లం విమానాశ్రయంలో విప్పి చూపించమన్నారు. వాసన చూసి, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, పొమ్మన్నారు.

మేం కూర్చునే కొండకి ఒక వైపు సముద్రం, ఇంకో వైపు పెద్ద కొండలు. ఉత్తరాన ఉండే గద్దలూ డేగలూ చలికి ముందు దక్షిణానికి పోతూ, నీళ్లు దాటడం ఇష్టంలేక ఈ సందులోంచే వస్తాయి. ఏ జాతివి ఎన్ని పోయాయో చెప్పి రాయించడం మా పదిమంది పని. మా పెద్ద మార్టిన్ అని హాలెండ్ మనిషి, ఇరవై ఏళ్లుగా ఇదే కొండమీద ఉన్నాడు. నేనుండే ఇల్లు నీనో గారని ఇక్కడి ఆవిడది. ఆమెకి నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. పొద్దున్నే జున్ను పెట్టిన రొట్టె చేతిలో పెట్టి, తినేదాకా నిలబడుతుంది.

ఈ రోజు ఒక్క పూటలో నా తలమీదుగా నాలుగు వేల పక్షులు పోయాయి. అన్నీ గోధుమరంగే. అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను బజర్డ్ గద్ద అన్నది తేనె గద్ద అయింది, తేనె గద్ద అన్నది బజర్డ్ అయింది. మీ అమీర్‌పేట మేడ మీద నిలబెట్టి, చికెన్ కొట్ల పైన తిరిగే నల్ల గద్దల్ని చూపించి, తోకలో చీలిక చూడవే అని నువ్వు నేర్పినప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ నల్ల గద్దలు ఇక్కడా ఉన్నాయి. వాటిని మాత్రం తప్పు చెప్పలేదు.

సీజను చివర ఇద్దరిని ఉద్యోగంలోకి తీసుకుంటారట. మైత్రీవనం దగ్గర పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పి, ముప్ఫై ఆరేళ్ల వయసులో అది మానేసి వచ్చినదాన్ని. అమ్మ ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతోంది. వెళ్లమన్నవాడివి నువ్వొక్కడివే. అందుకని నాకు ఆ రెండింట్లో ఒకటి కావాలి.

పద్నాలుగు ఫొటోలు జత చేశాను. ఒక్కొక్కటీ ఏమిటో రాసి పంపు.

నీ సుమ


ఆగస్టు 26, 2025
అమీర్‌పేట

సుమకు మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. నేను చెబుతుంటే ఇది వనిత టైపు చేస్తోంది. మైత్రీవనం వెనక సందులో డీటీపీ సెంటర్ ఆమెదే. స్నానాల గదిలో జారిపడి కుడి భుజం పట్టేసింది, అంతకంటే ఏమీ లేదు. మీ అమ్మకి చెప్పకు, శ్రీనగర్ కాలనీ నుంచి ఆయింట్‌మెంట్లు పట్టుకుని దిగుతుంది.

ఫొటోల కింద పేర్లు రాయను. ఇకమీదట ఫొటోలు పంపకు. నువ్వు చూసింది నాకు మాటల్లో రాయి. రెక్కలు పైకి ఎత్తి పట్టుకుందా, బల్లలా చదునుగా చాచిందా? తల ఎంత ముందుకి పొడుచుకొచ్చింది? తోక మూలలు గుండ్రమా, కోసినట్టున్నాయా? రాయలేకపోతే నువ్వు సరిగ్గా చూడలేదని అర్థం.

బజర్డ్ గాలిలో తేలేటప్పుడు రెక్కలు కొంచెం పైకి లేపుతుంది. తేనె గద్ద చదునుగా ఉంచుతుంది, జారేటప్పుడు కొసలు కిందికి వంగుతాయి. దాని మెడ సన్నం, తల చిన్నది, కోకిల తలలా ముందుకి వస్తుంది. తోక పొడుగు. రంగు చూడకు. తేనె గద్దకి ఉన్నన్ని రంగులు ఇంకే గద్దకీ ఉండవు, రంగు నమ్మినవాళ్లందరూ మోసపోయారు. ముందు ఆకారం, తర్వాత నడక. పక్షికి నడకేమిటని అడుగుతావు, గాలిలో దానికీ ఒక నడక ఉంటుంది.

రేపు చవితి. ఖైరతాబాద్ వైపు బస్సులు ఇవాళే మళ్లించేశారు. మీ అత్తయ్య పత్రి కోసం తనే బజారుకి వెళ్లింది, నన్ను రావద్దంది. వనిత అడుగుతోంది, "గద్దల గురించి గింత రాయాల్నా సార్" అని. ఇంకా ఉందని చెప్పాను.

ఉద్యోగం సంగతి మనసులో పెట్టుకుని పక్షిని చూడకు.

మావయ్య


సెప్టెంబరు 1, 2025

మావయ్యా,

నువ్వు ఫొటోలు వద్దన్నప్పుడు రెండు రోజులు కోపంగా ఉన్నాను. ఇంత దూరంలో ఉన్నదానికి పరీక్ష పెడతావేమిటి అనుకున్నాను. తర్వాత కొండమీద నోట్‌బుక్ తీసి, నువ్వు అడిగినట్టే ఒక్కొక్క పక్షికి ఆకారం, నడక రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు వందలో తొంభై సరిగ్గా చెబుతున్నాను. మార్టిన్ ఆ నోట్‌బుక్ చూసి, నీకెవరు నేర్పారని అడిగాడు. హైదరాబాద్‌లో మా మావయ్య అన్నాను. ఆయన్ని ఒకసారి తీసుకురావచ్చు కదా అన్నాడు.

నిన్న పిల్లిగద్దలు వచ్చాయి. వీటిలో రెండు జాతులు కవల పిల్లల్లాంటివి. లేతరంగు మగపక్షులైతే తెలుస్తాయి, ఆడవీ పిల్లలూ కలిస్తే ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాళ్లూ నీళ్లు నములుతారు. తెలియనివాటికి మా కాగితంలో ఒక గడి ఉంది, "రెండింట్లో ఒకటి" అని. మార్టిన్‌కి ఆ గడి అంటే గౌరవం. ఆ గడిలో రాయడం చేతకానివాడు ఈ పనికి పనికిరాడంటాడు.

ఇంతకీ, స్నానాల గది కథేంటి? అమ్మ నిన్న ఫోన్లో నువ్వు స్కూటర్ మీంచి పడ్డావంది. పంజగుట్టలో ఎవరో అడ్డం వచ్చారట. నా దగ్గర దాచడం దేనికి? అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆ ట్రాఫిక్‌లో బండి వద్దని అంటానని కదా. అననులే. మెల్లగా నడుపు.

నీ సుమ


సెప్టెంబరు 4, 2025

మావయ్యా,

ఇది తొందర ఉత్తరం. ఈసారి నియమం తప్పి ఏడు ఫొటోలు పంపుతున్నాను, చూడక తప్పదు.

ఈ రోజు పదకొండు గంటలకి యూరప్ తేనె గద్దల గుంపులో ఒకటి తేడాగా వచ్చింది. పెద్దది. రెక్కలు వెడల్పు. మన తేనె గద్ద అనిపించింది నాకు, మనవైపు కనిపించే జాతి. ఇక్కడ అది ఏడాదికి నాలుగో అయిదో కనిపిస్తే గొప్ప. రెండూ ఒకేలా ఉంటాయి కదా, తేడా రెక్క కొసలో. యూరప్ దానికి చివర వేళ్లలా విచ్చుకున్న ఈకలు అయిదు, మనదానికి ఆరు. రెక్క వంగే చోట, మణికట్టు దగ్గర, నల్లమచ్చ యూరప్ దానికి ఉంటుంది, మనదానికి ఉండదు. ఎండ ఎదురుగా ఉంది, నాకు తేలలేదు. మార్టిన్ మామూలుదే అంటున్నాడు. ఇంకో ఇద్దరు నా వైపు ఉన్నారు.

మన పక్షిని మన ఆకాశంలో నలభై ఏళ్లుగా చూసినవాడివి నువ్వు. ఈ గుంపులో ఎవరికీ ఆ అనుభవం లేదు. ఈ మాటే వాళ్లకి చెప్పాను. ఎల్లుండి పొద్దున ఒక నిపుణుడు వస్తున్నాడు, ఈలోగా నేను రాసి సంతకం పెట్టాలి. వేళ్లు లెక్కపెట్టి చెప్పు. అయిదా, ఆరా?

సుమ


సెప్టెంబరు 5, 2025

సుమా,

ఫొటోలు చూశాను. ఆరు వేళ్లు. మన తేనె గద్దే. అనుమానం అక్కర్లేదు, నా పేరు చెప్పి రాసేయి.

రేపు నిమజ్జనం, ఇక్కడ కొట్లన్నీ మూసేస్తున్నారు. అందుకని ఇంతే.

మావయ్య


సెప్టెంబరు 9, 2025

కామరాజు మావయ్య గారికి,

మీరు చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. మీ పేరు కూడా రాశాను.

వచ్చిన నిపుణుడు పెద్దాయన, మంచివాడు. అందరినీ పిలిచి, ఏడు ఫొటోలూ గోడ మీద పెద్దవి చేసి చూపించాడు. అయిదు వేళ్లు. రాలిపోయిన ఒక ఈక పక్కన ఇంకో ఈక ఒంటరిగా నిలబడి, మొదటి ఫొటోలో ఆరో వేలులా కనిపించింది. మూడో ఫొటోలోనూ అయిదో ఫొటోలోనూ మణికట్టు మచ్చ బొగ్గుతో దిద్దినట్టుంది. ఎవరికైనా కనిపిస్తుంది, నీనో గారికి చూపించినా కనిపిస్తుంది. నాకు కూడా కనిపించింది, గోడ మీద చూసినప్పుడు. అందరి ముందు నిలబడి, నా నమోదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. మర్నాటినుంచి మార్టిన్ నన్ను దుర్భిణి దగ్గర కూర్చోనివ్వడం లేదు. మిగతావాళ్లు చెబుతుంటే అంకెలు రాస్తున్నాను.

నాకు ఒక్కటే తెలియాలి. మీరు ఆ ఫొటోలు చూశారా లేదా? నలభై ఏళ్లు చూసినవాళ్లు ఆ మచ్చని చూడకపోవడం ఉండదు. తెరిచి కూడా చూడకుండా రాసి ఉండాలి, నిమజ్జనం తొందరలో. లేదంటే అమ్మ అన్నదే నిజమై ఉండాలి. ఇంత వయసొచ్చినా మీరు ఒక్కసారి కూడా దేశం దాటి పక్షుల్ని చూడలేదని, నేను వచ్చినందుకు మీ మనసులో ఎక్కడో ఈర్ష్య ఉందని అమ్మ అంది. నేను అప్పుడు అమ్మని కేకలేశాను.

చూడనిది చూశానని చెప్పకూడదని నాకు నేర్పింది మీరే.

సుమశ్రీ


సెప్టెంబరు 12, 2025

సుమకు,

పొరపాట్లు అందరికీ జరుగుతాయి. ఎంతటివాళ్లకైనా జరుగుతాయి. నీ నిపుణుడికి కూడా జరిగి ఉంటుంది, కనుక్కో. ఈకలు రాలే కాలంలో ఫొటో మీద ఆధారపడకూడదని నేను ముందే చెప్పాను.

మీ అమ్మ మాట పట్టుకుని నువ్వు అలా రాయడం బాగాలేదు. నాకు ఈర్ష్య దేనికి?

ఇక్కడ నాకు వేరే చికాకులున్నాయి. కొన్నాళ్లు రాయకపోతే ఏమీ అనుకోకు.

కామరాజు


సెప్టెంబరు 15, 2025

మావయ్య గారికి,

నేను అడిగింది చూశారా లేదా అని. దానికి జవాబు మీ ఉత్తరంలో లేదు.

పోలీసులు మీ ఇంటికి వచ్చారని అమ్మ చెప్పింది. అత్తయ్యని అడిగితే మీరు పడ్డ రోజు కాగితాల గురించే అందట. అడ్డం వచ్చినవాడి తప్పుకి మీరు ఇంకా తిరగాల్సి వస్తోందని అమ్మ బాధపడింది. నాకూ బాధగానే ఉంది, కానీ అది వేరు, ఇది వేరు.

మీరు కొన్నాళ్లు రాయనన్నారు. నేనూ రాయను.

సుమశ్రీ


సెప్టెంబరు 24, 2025
అమీర్‌పేట

సుమా,

ఏం విన్నా మధ్యలో ఆపొద్దని వనితకి ముందే చెప్పి కూర్చున్నాను.

నువ్వు పంపిన ఫొటోల్లో ఒక్కటీ నేను చూడలేదు. మొదటి పద్నాలుగూ చూడలేదు, తర్వాతి ఏడూ చూడలేదు. నాకు కనిపించవు. రెండేళ్లయింది. రెండు కళ్లలోనూ వెనక పొర మధ్యభాగం పాడైందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. పూర్తి చీకటి కాదు. చుట్టూ అంచులు తెలుస్తాయి. దేని మీద చూపు నిలిపితే అదే మాయమవుతుంది. ఆకాశంలో ఏదో తిరుగుతోందని తెలుస్తుంది, తలెత్తి దాన్ని చూస్తే ఆ చోట బూడిదరంగు మరక ఉంటుంది. మాటల్లో రాయమని నేను నీకు పరీక్ష పెట్టలేదు. చదివి వినిపిస్తే అర్థమవుతుందని అడిగాను.

ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకి కూడా. ముప్ఫై నాలుగేళ్లు ఖైరతాబాద్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా వెంట్రుకంత గీతలు గీసినవాడిని. పక్షులు చూసేవాళ్లలో ఏదైనా తేలకపోతే, కామరాజు గారిని అడగండి అనేవాళ్లు. ఆ మాట పోతుందని దాచాను. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

నిమజ్జనం ముందురోజు వనిత కొట్టు మూసేస్తోంది. బతిమాలి కంప్యూటర్ పెట్టించాను. వేళ్లు లెక్కపెట్టమ్మా అన్నాను. "ఐదున్నయి సార్," అంది. "జర ఆగుండ్రి, పక్కకు ఇంకొకటి ఉన్నట్టుంది. ఆరు సుత అనొచ్చు. నాకేం తెలుస్తది సార్, నేనెన్నడు చూడలే." ఆరు అని కొట్టు అన్నాను. మచ్చ ఉందా అని అడగాలి. అడగలేదు. మన పక్షి నీకు అక్కడ కనిపించాలని, నా మాట మీద అది రాసుకోవాలని నాకు ఆశ. ఆ ఆశకి ఆరే వినిపించింది.

ఇక రెండోది. ఇది నీకు తప్పుగా తెలుసు.

ఆగస్టు ఇరవై ఒకటి పొద్దున్న పంజగుట్టలో నేను స్కూటర్‌తో ఒక మనిషిని గుద్దాను. బండి నడపొద్దని డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడు. నడిపితే ఎవరికీ అనుమానం రాదని నడుపుతూనే ఉన్నాను. మన సాయిలు, బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, సందు మొదట్లో బండి పెడతాడే, అతను. బట్టల మూట పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. నేను నేరుగా అతనివైపే చూస్తున్నాను, అందుకే అతను నాకు కనిపించలేదు. కాలి ఎముక రెండుచోట్ల విరిగింది. పోలీసులు రాసుకునేటప్పుడు అతనే అన్నాడు, "నేనే సూసుకోకుండ అడ్డమొచ్చిన, సారుది తప్పు లేదు" అని. నేను పక్కనే నిలబడి ఆ మాట రాసుకోనిచ్చాను. మీ అమ్మకీ అత్తయ్యకీ కూడా అదే చెప్పాను.

నెల్లాళ్లుగా అతని భార్య రుద్రమ్మ ఇస్త్రీ చేస్తోంది. మన బట్టలు తెచ్చి ఇచ్చిన రోజున, "భుజం ఎట్లుంది అన్నా" అని నన్ను అడిగింది. తగ్గిందమ్మా అన్నాను. అదే వారం నీ ఉత్తరం వచ్చింది, చూశారా లేదా అని. వనిత చేత మూడుసార్లు చదివించుకున్నాను. నీకు జవాబు రాయాలంటే ముందు చెప్పాల్సిన చోటు వేరే ఉందని తెలుసు. తెలిసీ పన్నెండో తారీఖున నీకు ఆ చెత్త ఉత్తరం రాయించాను.

మొన్న శనివారం సాయిలు ఇంటికి వెళ్లాను. మంచం మీద ఉన్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. విని అన్నాడు, "కండ్లు కనబడనోనివి బండెందుకు ఎక్కినవ్ సారూ?"

రుద్రమ్మ కేకలు వేయలేదు. "నెల దినాల సంది నా మొగడు తననే తిట్టుకుంటుండు. నా తప్పే, నేనే సూసుకోలే అని," అంది. "కాలు ఇరిగింది ఒక బాధ అయితే, గీ బాధ ఎక్కువుండె ఆయనకు. గా దినమే ఒక్క మాట చెప్తే అయిపోతుండె."

వాళ్లబ్బాయి అభిలాష్ క్యాబ్ నడుపుతాడు. అప్పటికప్పుడు నన్ను కారెక్కించి స్టేషన్‌కి తీసుకెళ్లాడు. మెట్ల దగ్గర నేను తడుముకుంటుంటే మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు, పైకి వెళ్లగానే వదిలేశాడు. మాట మార్చి రాయించాను. లైసెన్సూ బండి తాళాలూ ఇచ్చేశాను. కేసు కోర్టుకి పోతుంది.

నీ ఉద్యోగం పోగొట్టింది నేను. అమ్మ అన్నట్టు ఈర్ష్య కాదు, కానీ దానికంటే మంచిదని చెప్పలేను.

మీ అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. ఇది నీకు పంపించి, ఇంటికి వెళ్లి చెబుతాను.

కామరాజు


సెప్టెంబరు 28, 2025
జార్జియా

మావయ్యా,

నాలుగు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. ప్రింటు తీయించుకున్నాను, ఫోన్లో చదివితే మధ్యలో ఆపేస్తున్నానని.

నేనూ నీకు ఒకటి చెప్పాలి. ఆ పక్షి వచ్చిన రోజు, అది తలమీద ఉండగానే నేను నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసుకున్నది అయిదు. మచ్చ ఉన్నట్టుంది అని కూడా రాశాను. ఫొటోల్లో మొదటిది చూశాక ఆశ పుట్టింది. నీకు రాసినప్పుడు తేలలేదని రాశాను, అయిదు అని రాసుకున్నానని రాయలేదు. నీ మెయిల్ వచ్చాక రబ్బరు తీసుకుని అయిదు చెరిపి ఆరు వేశాను. గోడ మీద ఫొటోలు వేస్తున్నప్పుడు నాకు ముందే తెలుసు ఏం కనిపిస్తుందో. ఆ రోజు నిన్ను అంత గట్టిగా తిట్టడానికి కారణం అది.

నిన్న ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి మార్టిన్‌కి చూపించాను. చెరిపిన చోట కాగితం పలచబడి ఉంది. తప్పు చెప్పడం కంటే ఇది పెద్దది, అన్నాడు. అవునన్నాను. ఉద్యోగాలు రెండూ వేరేవాళ్లకి వెళ్లాయి. అవి నువ్వు పోగొట్టలేదు. ఈ రోజు మాత్రం కింది కొండకి పంపించాడు, అక్కడ జనం తక్కువ, మళ్లీ దుర్భిణి ఇచ్చాడు. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టొచ్చా అని అడిగితే, పెట్టొచ్చు, చదువుతాను, అన్నాడు. అంతే అన్నాడు.

పక్షి సంగతిలో నీ మీద నాకు కోపం లేదు. సాయిలు సంగతిలో ఉంది, మావయ్యా. చిన్నప్పుడు నా స్కూల్ డ్రెస్ కూడా ఆయనే ఇస్త్రీ చేసేవాడు. నెల్లాళ్లు ఆయన తన తప్పనుకుంటూ పడుకున్నాడని చదివినప్పుడు నీ మొహం గుర్తు తెచ్చుకోవడం కష్టమైంది. ఆ కోపం తగ్గించమని నువ్వు అడగలేదు, అది మంచిదైంది. కోర్టుకి ఎప్పుడు వెళ్లాలో చెప్పు. నవంబరు మొదట్లో వస్తాను, నీతో వస్తాను.

అత్తయ్యకి చెప్పావా? అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు రాయి.

సుమ


అక్టోబరు 8, 2025
అమీర్‌పేట

సుమా,

ఈసారి వనిత టైపు చేయడం లేదు. నేను చెబుతుంటే మీ అత్తయ్య కాగితం మీద రాస్తోంది. ఫోన్లో ఫొటో తీసి నీకు పంపుతుంది. తప్పులుంటే ఆమెవి కావు, నేను తొందరగా చెబుతున్నాను.

సాయిలుకి పోయిన వారం కట్టు విప్పారు. కాలు కొంచెం పొట్టి అవుతుందట. గంటల తరబడి నిలబడి ఇస్త్రీ చేయడం కుదరదని చెప్పారు. రుద్రమ్మ మన బట్టలు తీసుకోవడం మానేసింది. అడగలేదు నేను. దసరా రోజున మీ అత్తయ్య వాళ్లింటికి ఒక్కత్తే వెళ్లింది. లోపలికి రమ్మన్నారట, మంచినీళ్లు ఇచ్చారట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. కోర్టు తేదీ నవంబరు పందొమ్మిది.

మీ అమ్మ వచ్చి, నన్ను గంటసేపు తిట్టి వెళ్లింది. ఈర్ష్య అన్న మాట తలుచుకుని, నీతో మాట్లాడటానికి మొహం లేక ఫోన్ ఎత్తడం లేదు. నువ్వే మళ్లీ చెయ్యి.

ఇంట్లో సంగతి రాయమన్నావు. నీకు ఉత్తరం పంపిన రోజునే మీ అత్తయ్యకి చెప్పాను. విని లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. కంచం పెడుతుంది, మందు పెడుతుంది, పక్క గదిలోకి వెళ్లిపోతుంది. అబద్ధం చెప్పినందుకని అనుకున్నాను. సాయిలు కోసమని అనుకున్నాను. అయిదో రోజు పొద్దున కాఫీ తెచ్చి, వెళ్లకుండా ఎదురుగా కూర్చుంది.

"నా మొహం కనిపిస్తోందా మీకు?" అంది.

లేదన్నాను.

"ఎప్పటినుంచి?"

నిరుడు దీపావళి తర్వాతినుంచి అని చెప్పాను. నీ వైపు చూస్తే నువ్వుండవు, ఆ కిటికీ వైపు చూస్తే కొంచెం కనిపిస్తావు, అన్నాను.

"ఏడాదిగా నేను మాట్లాడుతుంటే మీరు పక్కకి చూస్తున్నారు," అంది. "ముసలిదాన్నైపోయాను, నా మొహం చూడబుద్ధి కావడం లేదు అనుకున్నాను. అద్దం ముందు నిలబడి ఏడ్చిన రోజులున్నాయి."

సుమా, ఈ వాక్యం రాయనని మీ అత్తయ్య పెన్ను కింద పెట్టింది. రాయాల్సిందేనన్నాను. రాసింది.

నేను అప్పుడు కుర్చీ జరుపుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇప్పుడు ఏం కనిపిస్తోందో చెప్పమంది. కుడి చెవి కమ్మ కనిపిస్తోందన్నాను. చెవి పక్కన తెల్లజుట్టు కనిపిస్తోందన్నాను. మొహం సగం ఉంది, మెల్లమెల్లగా వస్తోంది, కళ్లు తుడుచుకుంటున్నావు, అన్నాను.

తలకాయ తిప్పకండి, అంది.

తిప్పలేదు.

మీ మావయ్య
కామరాజు